తవిటినాయుడి కారు ఎడమ చక్రం బ్రాకెట్టు

నేను ఒక ఇనుప బ్రాకెట్టుని. జానెడు పొడుగు, బొటనవేలంత లావు, మధ్యలో చిన్న వంపు. నా ఒక చివర కారు ముందు చక్రం దగ్గర బిగించి ఉంటుంది. రెండో చివర ఆ చక్రం మీది మడ్‌గార్డుని మోస్తుంది. అంతే నా పని. వినడానికి చిన్న పనే. కానీ నేను విరిగితే ఏమవుతుందో చెబుతాను, వినండి. చక్రం పైభాగం ముందుకు తిరుగుతుంది కదా, ఊడిన రేకుని అలాగే ముందుకు లాక్కుపోయి తన కిందే వేసుకుంటుంది. చక్రం పట్టేస్తుంది. బండి ఒక్కసారిగా పక్కకి లాగేస్తుంది. ఆ పక్కన గోడ ఉండొచ్చు, లారీ ఉండొచ్చు, లోయ ఉండొచ్చు. బండిలో ఉన్నవాడు ఒక తల్లికి మిగిలిన ఒక్కగానొక్క కొడుకు. ఇప్పుడు చెప్పండి, నాది చిన్న పనేనా?

ఇనుముకి భయమేమిటని మీకు నవ్వు రావచ్చు. పుట్టుకతో నాకూ లేదు. పైడమ్మ నేర్పింది.

మొదట్లో నేను ఉయ్యాల స్టాండుకి కాలుగా ఉండే గొట్టాన్ని. గాజువాకలో లారీ డ్రైవరు చిన్నంనాయుడి ఇంట్లో నన్ను నిలబెట్టారు. అతని భార్యే పైడమ్మ. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారట. మూడోవాడు పుట్టగానే చేటలో వేసి గుమ్మం బయట పెడితే, పొరుగింటామె కాస్త తవుడు ఇచ్చి కొన్నట్టు కొని, మళ్లీ తల్లి చేతిలో పెట్టింది. అలా చేస్తే బతుకుతాడని అక్కడివాళ్ల నమ్మకం. వాడికి తవిటినాయుడని పేరు పెట్టారు. తవుడిచ్చి కొనుక్కున్న కొడుకు.

పైడమ్మ ఉయ్యాల ఊపడం కన్నా ఆపడం ఎక్కువ. రెండు ఊపులు ఊపుతుంది, ఆపుతుంది, ఉయ్యాల చీర తప్పించి పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెడుతుంది. ఊపిరి తగిలితే మళ్లీ ఊపుతుంది. ఆ తర్వాత నా వంతు. నన్ను పట్టుకుని కుదుపుతుంది, వంగి నా కాలి కింద చూస్తుంది. "జాగర్త. ఒరిగిపోకు," అని నాతో అనేది, మనిషితో అన్నట్టే. నేను ఒరగలేదు. కానీ ఎవరైనా రోజూ మిమ్మల్ని పట్టుకుని పడిపోతావేమో, పడిపోతావేమో అంటూ ఉంటే ఏమవుతుంది? పడిపోవడం ఒకటుందని అంతకుముందు నాకు తెలియనే తెలియదు. తెలిశాక మరి మరిచిపోలేకపోయాను.

పిల్లాడు బతికాడు. పెరిగాడు. లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పనికి కుదిరాడు. నేను అటక మీద తుప్పు పడుతూ ఉన్నాను. ఒకనాటి నుంచి పెరట్లో వెల్డింగు వెలుగులు మొదలయ్యాయి. ఎక్కడో గుద్దేసుకున్న పాత కారు ఇంజను, చదరపు గొట్టాల చట్రం, రెండే రెండు సీట్లు, తలుపులు లేవు, పైకప్పు లేదు. నేల మీద పాకుతున్నట్టుండే ఆ బండిని తవిటినాయుడు స్పోర్ట్స్ కారు అనేవాడు. పైడమ్మ దాన్ని కారు అని ఒక్కసారి కూడా అనలేదు. "అది" అనేది.

"అది సూత్తే నాకు పీనుగునెత్తే పాడిలాగుందిరా బావూ. నువ్వు అందుల తొంగుంటావా, కూకుంటావా?"

"కూకుంటే సీటమ్మా, తొంగుంటేనే పాడి," అనేవాడు వాడు నవ్వుతూ. అలాంటి మాటలు తల్లి దగ్గర ఎలా అంటారో ఈ మనుషులు! ఆమె వెంటనే వాడి తల చుట్టూ చేయి తిప్పి మెటికలు విరిచేది.

దానికి ముందు చక్రాలు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఒక్కోదాని మీదా మోటార్‌సైకిల్‌కి ఉన్నట్టు విడిగా మడ్‌గార్డు. వాటికి వేసిన మొదటి బ్రాకెట్లు పట్టీ ఇనుమువి, గాజువాక స్పీడు బ్రేకర్లకి వారం తిరక్కుండా విరిగాయి. ఇంకా మందం పట్టీ వేశాడు. అవీ విరిగాయి. పట్టీ కాదు, గొట్టం కావాలన్నాడు. ఇల్లంతా వెతికి అటకెక్కాడు. రంపం నా మీద పెట్టేసరికి పైడమ్మ పరుగున వచ్చింది.

"ఒరే! ఉయ్యాల స్టాండు కోసెత్తావేట్రా! అపశకునం కాదా?"

"ఇంక నాకు తమ్ముళ్లెవరూ పుట్టరు కదేటమ్మా?"

అరుగు మీద చిన్నంనాయుడు పకపక నవ్వాడు. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నన్ను కోసి, వంచి, వెల్డింగు పెట్టి, నల్లరంగు వేశారు. చక్రానికి రెండు చొప్పున నలుగురమయ్యాం. నాకు ఎడమ చక్రం, ముందు వైపు.

రోడ్డు మీదికి వచ్చాక నాకు అర్థమైంది, పట్టీలు ఎందుకు విరిగాయో. పెద్ద గుంతలకి కాదు. గుంతకి ఒక్క దెబ్బ, ఓర్చుకోవచ్చు. ఆ సన్నని వణుకుంది చూశారూ, ఇంజను తిరిగినంతసేపూ ఆగని వణుకు, అది చంపుతుంది. మడ్‌గార్డు రేకు ఇటూ అటూ ఊగుతుంటే ఆ బరువంతా వచ్చి నా మెడ దగ్గర, వెల్డింగు పక్కనే చేరేది. ఒకరోజు అక్కడ ఏదో చురుక్కుమంది. మర్నాడు చల్లగాలి లోపలికి తగిలింది. నాకు లోపల గాలి తగలడమేమిటి? అప్పుడు తెలిసింది, పగిలానని.

వెంట్రుక కన్నా సన్నని పగులు. పైన రంగు కప్పేసింది. నేను అరవలేను, కిర్రుమనగలను. కిర్రుమన్నాను. తవిటినాయుడు విన్నాడు, బండి ఆపాడు, వంగాడు. నా ప్రాణం లేచొచ్చింది. వాడు స్పానరు తీసి నా బోల్టు ఇంకొంచెం బిగించి, చేతులు దులుపుకున్నాడు. మనుషులంతే. ఏడుపు వినిపిస్తే ఇంకాస్త గట్టిగా బిగిస్తారు.

అప్పటి నుంచి నాకు ప్రతి మలుపూ ఆఖరి మలుపే. వాడేమో రోజురోజుకీ వేగం పెంచుతున్నాడు. దసరాకి ముందు ఒక సాయంత్రం తండ్రితో చెప్పాడు. "పండగ మర్నాడు అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కించి దింపుతాను నాన్నా. ఘాటు దిగితేనే అది కారు."

ఆ మాటకి నా పగులు ఇంకొంచెం పాకింది.

పండగ నాడు ఆయుధపూజకి బండిని కడిగి వాకిట్లో పెట్టారు. మామూలుగా అయితే ముందు మూడు బొట్లు, ఒక దండ, నిమ్మకాయలు, అంతే. పైడమ్మ అలా కాదు. కుంకుమ గాలికి రాలిపోతుందని నువ్వులనూనెలో కలిపింది. స్టీరింగుకి పెట్టింది, బ్రేకుకి పెట్టింది, ఒక్కో బోల్టుకీ వంగి వంగి పెట్టింది.

"ఏటే, కారుకి బొట్టెడతన్నావా, పెళ్లికూతుర్ని సేత్తన్నావా?" అన్నాడు చిన్నంనాయుడు.

"నువ్వూరుకోయ్యా. దేనికెట్టడం మరిసిపోతే అదే ఇరుగుద్ది."

ఆమె వేలు నా దగ్గరికి వచ్చింది. నా మెడ మీద, సరిగ్గా పగులు మీద, ఇంత బొట్టు పెట్టింది. ఎక్కువై కారింది. కొంగుతో తుడిచింది. బొట్టు పోయింది గాని ఎర్రటి గీత ఒకటి మిగిలింది. మళ్లీ తుడిచింది. గీత పోలేదు.

"రగతం!" అని కేకపెట్టింది పైడమ్మ. "బాబో, దీనికి రగతం కారతంది! ఒద్దురా బావూ, రేపు నువ్వెల్లొద్దు. సెడు కనపడతంది నాకు."

తవిటినాయుడికి కోపం వచ్చింది. పెట్రోలు తడిపిన గుడ్డ తెచ్చాడు.

"దీపం కాడికి పెట్రోలట్టుకొత్తావేట్రా!" అని అరిచింది పైడమ్మ.

వాడు నన్ను గట్టిగా రుద్దాడు. "ఏదీ? ఏటుంది? పెయింటు మీద గీతడింది, అంతే. నీకు అన్నీ రగతాలే, అన్నీ పాడిలే."

నిజమే, పైకి ఏమీ లేదు. పగులులోకి ఇంకిన ఎర్ర నూనె మాత్రం లోపలే ఉంది. అది పైకి కనపడాలని నేను ఎంత బిగబట్టి ఎదురుచూశానో! పైడమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి పోయి విభూతి పొట్లం తెచ్చింది. చిన్నప్పుడు వాడి మోకాలు చీరుకుపోతే అద్దినట్టే, వేళ్లతో నొక్కి నా మెడ చుట్టూ అద్దింది. ఏదో గొణుక్కుంటూ అక్కడే కూర్చుంది.

పొడి విభూతి లోపలి నూనెని పీల్చింది, ఆ తెలుపు మీద మొదట ఒక చుక్క తేలింది. తర్వాత దాని పక్కన ఇంకొకటి. అవి కలిసి గీతయ్యాయి. నా మెడలో సగం చుట్టూ, ఎవరో ఎర్ర దారం కట్టినట్టు.

చిన్నంనాయుడి నవ్వు ఆగిపోయింది. తవిటినాయుడు వంగి చూశాడు. "పెయింటేనమ్మా," అన్నాడు గాని గొంతు తగ్గింది. "గట్టిగానే ఉంది, ఇలగ సూడు," అని రెండు చేతులా మడ్‌గార్డు పట్టుకుని ఊపాడు.

నేను ఇంకా పట్టుకోగలను. సగం మెడ ఉంది. ఈ ఊపుకి ఆగి, వాకిట్లో అందరూ మళ్లీ నవ్వుకునేదాకా పట్టుకోగలను. తర్వాత? రేపు ఘాటు దిగేటప్పుడు, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేని చోట? పట్టుకోవడం తప్ప ఇంకేమీ తెలియని దాన్ని, నాకున్న భయమంతా కూడగట్టుకుని, వదిలేశాను.

టక్కుమంది. మడ్‌గార్డు ముందు వైపు ఊడి చక్రం ముందుకి వాలింది. దాన్ని పట్టుకున్న వాడి చేతిలో నా సగం మిగిలింది.

పైడమ్మ లేచి వాడి వీపు మీద దబదబా రెండు బాదింది. "ఎల్తాను ఎల్తానన్నావు కదరా! ఎల్లు! ఎల్లరా!" అంటూ వాణ్నే పట్టుకుని ఏడ్చింది. వాడు తప్పించుకోలేదు.

"అమ్మా," అన్నాడు చివరికి. "ఆ నూనికుంకం ఇలగ తే. మిగతా మూడింటికీ పుయ్యి. ఈబూది కూడా తే."

కుడి చక్రానికి వెనక వైపున్న బ్రాకెట్టుకీ గీత తేలింది.

నలుగురినీ పీకేశారు. కొత్తవి మందపు గొట్టంతో చేశాడు. కింద, పైన రబ్బరు ముక్కలు వేశాడు, వణుకు ఇనుముదాకా రాకుండా. నన్ను వాకిట్లో మూలనున్న తుక్కు డబ్బాలో పడేశారు. విరిగినా నా భయం పోలేదు. పైడమ్మ మాత్రం ఆ బండిని తుక్కు చేసెయ్యమని రోజూ పోరింది. కొడుకు వినలేదు. చివరికి, "అయితే నేనూ వత్తాను. పోతే ఇద్దరం పోతాం," అని చీర బిగించుకుని ఆ రెండో సీట్లో కూర్చుంది.

వాళ్లు ఘాటుకి వెళ్లిన ఆ రోజంతా డబ్బాలో నేనెలా ఉన్నానో చెప్పలేను. వీధిలో ప్రతి హారనూ నాకు చెడ్డ కబురులాగే వినిపించింది. చిన్నంనాయుడు అరుగు మీద కూర్చోలేక గేటు దాకా వెళ్లడం, రావడం. అతనికి కూడా అంటుకుంది పాపం.

పొద్దు వాలుతుండగా బండి సందులోకి తిరిగింది. ఇద్దరూ ఉన్నారు. పైడమ్మ జుట్టంతా దుమ్ము, కళ్లు ఎర్రగా ఉన్నాయి. దిగీ దిగగానే ఎడమ చక్రం దగ్గర చతికిలబడి, నా చోట ఉన్న కొత్త బ్రాకెట్టు మీద చెయ్యి వేసింది.

"ఓలమ్మో! ఒల్లు కాలిపోతంది దీనికి!"

"బ్రేకులు వేడెక్కినాయమ్మా. ఘాటు దిగితే అలగే ఉంటాది."

"ఉంటాదో, ఏటో. నీల్లు సల్లనా?"

"వద్దే అమ్మా! లోపలికి పద."

ఆమె వెళ్లలేదు. అది చల్లారేదాకా చెయ్యి తియ్యకుండా అక్కడే కూర్చుంది. మధ్యమధ్యలో పట్టుకుని కుదిపి చూసింది. డబ్బాలోంచి నేను చూస్తూనే ఉన్నాను. పాపం, కొత్తది. పొద్దున బయల్దేరినప్పుడు అది ఉత్త ఇనుము. ఇక ముందు అలా ఉండలేదు.