కవరు గారి కొత్త కారు

ఆయన్ని ఆఫీసులో అందరూ కవరు గారు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. పేరు పెట్టినవాళ్ళది తప్పు కాదు. ఆయన ఇంట్లో టీవీ రిమోటు పాలిథిన్ సంచిలో ఉంటుంది. అంకెలు కనపడక ఇంటిల్లిపాదీ తడుముకుంటూ నొక్కుతారు; వార్తలు పెట్టబోతే వంటల కార్యక్రమం వస్తుంది. సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్కు ఇంకా వదల్లేదు, వేసవిలో కూర్చున్నవాళ్ళు లేవబోతే అది వాళ్ళని వదలదు. ఒకసారి కొత్త గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో దాచుకుని, తను నిలువునా తడిసి ఇల్లు చేరాడు. తుమ్ములు మొదలయ్యాక కూడా, "గొడుగు మాత్రం చుక్క తడవలేదు" అని సంతోషించాడు.

దీనికి కొంత ఉద్యోగం కూడా కారణం. ఇన్సూరెన్సు ఆఫీసులో దెబ్బతిన్న కార్ల క్లెయిములు చూసే సీటు ఆయనది. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా సొట్టలు, గీతలు, పగిలిన లైట్ల ఫోటోలే. డాక్టరు కళ్ళకి ఊరంతా రోగులే అయినట్టు, ఆయన కళ్ళకి రోడ్డు మీద తిరిగేవన్నీ రేపటి క్లెయిములే.

అలాంటి మనిషి ఇంటికి కొత్త కారు వచ్చింది. ముదురు ఎరుపు రంగు. తలుపు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు, అంత నునుపు.

నిజానికి కారు కొన్నది ఆయన కోసం కాదు. ఆయన ఆఫీసు బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. భార్య ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. ఆ ల్యాబుని ఊరి చివర కొత్త భవనానికి మార్చారు. సోమవారం నుంచి ఆవిడకి తెల్లవారుజాము షిఫ్టు. ఆ వేళకి అటు బస్సు లేదు, రమ్మంటే వచ్చే టాక్సీ లేదు. రాలేకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తామని పైఅధికారి మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది, మొదటిసారికే పరీక్ష గట్టెక్కి లైసెన్సు తెచ్చుకుంది, నానా తంటాలూ పడి మొగుణ్ణి కారుకి ఒప్పించింది. సోమవారం పొద్దున్నకి కారు వాకిట్లో ఉండాలి, స్టీరింగు ముందు ఆవిడ ఉండాలి. ఇందులో మొదటిదానికి ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు.

శనివారం పొద్దున్న ఆయన దేవుడి ముందు మామూలు కంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు. పక్కనే జపం చేసుకుంటున్న తల్లి ఒక కన్ను తెరిచింది.

"ఏమని దండం పెట్టుకున్నావురా?"

"కారు చల్లగా ఉండాలని."

"మరి అందులో కూర్చునేవాళ్ళు?"

"వాళ్ళు లోపలుంటారు కదమ్మా. దెబ్బ తగిలేది కారుకి."

"దేవుడికి అప్పజెప్పావుగా, మరి కారుకి పైన పొర అంటించే ఆ ఫిలిం షాపు వాడికి ఫోను చేశావెందుకు?"

"దేవుడు చూసుకుంటాడు, కాదన్ను. కానీ పార్కింగు దగ్గర ఆయన నిలబడడు కదా."

పెద్దావిడ తెరిచిన కన్ను మళ్ళీ మూసుకుంది. దేవుడితో చెప్పుకోవలసింది ఆవిడకి ఇప్పుడు ఇంకాస్త పెరిగింది.

ముగ్గురూ బయల్దేరారు. తను నడుపుతానంది భార్య.

"కొత్త బండి, కొంచెం అలవాటు పడనీ" అన్నాడు.

"ఎవరు, బండా, నేనా?"

ఆయన వినపడనట్టు సీటు సర్దుకున్నాడు. దారిలో సైకిళ్ళు దాటిపోయాయి. చంటిబిడ్డని తోపుడు బండిలో పెట్టుకుని నడుస్తున్న ఒకావిడ కూడా దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. "ఒరేయ్, ఇలా అయితే నేను దిగి నడుస్తాను. మీరు వచ్చేలోగా షాపు తలుపు తీయించి పెడతా" అంది తల్లి.

ఫిలిం షాపు పొడుగాటి రేకుల షెడ్డు. లోపల సబ్బునీళ్ళ వాసన. ఒక తెల్లకారుకి ఇద్దరు పనివాళ్ళు పారదర్శకంగా ఉన్న పొరని అతికిస్తూ, దాని కింద నీళ్ళని రబ్బరు బద్దతో అంచులకి తోస్తున్నారు. షాపాయన ఎదురొచ్చి, ఫిలిం అతికించిన ఎర్ర రేకుముక్క ఒకటి తీసి, జేబులోని తాళంచెవితో దాన్ని బరబరా గీకాడు. కవరు గారికి ఒళ్ళు జలదరించింది. షాపాయన దాని మీద కెటిల్లోంచి వేడినీళ్ళు పోశాడు. గీతలు మాయం.

కవరు గారి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళుగా ఎక్కని గుడి లేదు, కానీ ఇలా కళ్ళెదుట మహిమ కనపడటం ఇదే మొదలు.

"ఎంత వేయించుకోవాలన్నది మీ ఇష్టం సార్" అన్నాడు షాపాయన. "బానెట్టు, ముందు బంపరు, పక్క అద్దాలు. రోడ్డు మీద రాళ్ళు ఎగిరొచ్చి తగిలేది వీటికే. చాలామందికి అది చాలు. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా. ఒళ్ళంతా కావాలంటే వారం పైనే పడుతుంది."

"రాళ్ళు ముందునుంచే వస్తాయి, సరే. మనుషులు అన్ని వైపుల నుంచీ వస్తారు కదండీ" అన్నాడు కవరు గారు.

షాపాయనకి బేరం రుచి తగిలింది. "ఒళ్ళంతా వేస్తే దాని మీద కోటింగు కూడా ఉంది సార్. ఫిలిం పాడవకుండా."

"కోటింగు పాడవకుండా?"

"మంచి గుడ్డ కవరు కప్పుకోండి. మన దగ్గరే ఉంది."

"మరి ఆ గుడ్డ మాయకుండా?"

అమ్మడానికి సరుకు లేక తెల్లబోవడం షాపాయనకి ఆ వ్యాపారంలో అదే మొదటిసారి. తేరుకుని, నీలం కాయితపు టేపు చుట్ట ఒకటి చేతికిచ్చాడు. "మీకు ఎక్కడెక్కడ భయమో అక్కడ అంటించండి సార్. చూసి లెక్క చెప్తా."

కవరు గారికి ఇలాంటి పని ఇంతవరకూ ఎవరూ అప్పజెప్పలేదు. కళ్ళజోడు సవరించుకుని కారు చుట్టూ బయల్దేరాడు. "ఇక్కడ మా అమ్మ చేతికర్ర" అని వెనక తలుపుకి ఒక ముక్క అంటించాడు. "ఇక్కడ పక్కింటాయన సైకిలు." ఇంకో ముక్క. "పైన పిల్లి." ఇంకొకటి. అవతలి పక్కకి వచ్చేసరికి చేతులు చురుకయ్యాయి. "ఈ కొసనుంచి ఆ కొస దాకా మా ఆవిడ. ఈ మూల మా ఆవిడ. వెనక బంపరు రెండు చివర్లూ మా ఆవిడే. చక్రాల మీది ఈ వంపులున్నాయి చూశారూ, ఇవి మరీ మా ఆవిడవి."

"డ్రైవరు తలుపు సార్?"

"దానికక్కర్లేదు. అది నేను దిగే తలుపు."

"సోమవారం నేను కిటికీలోంచి దూకుతాను కాబోలు" అంది వెనకనుంచి భార్య.

అత్తగారికి మంచినీళ్ళిచ్చి ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో ఆయన చూడలేదు. తెల్లకారు దగ్గర రబ్బరు బద్దలు ఆగిపోయాయి.

"అది కాదోయ్..." అన్నాడు. "ఒళ్ళంతా వేయిద్దామనుకుంటున్నా. ఒక్క వారం. ఆ వారం సెలవు పెట్టేయ్."

"కొత్త చోట మొదటి రోజునుంచే సెలవా? తిరిగి వెళ్ళేసరికి నా కుర్చీలో ఇంకొకరు ఉంటారు. మీకు తెలీదా?"

"పోనీ, తర్వాత మొదటి నెల నేను దింపుతాను. నువ్వు పక్కన కూర్చుని చూస్తూ ఉండు."

"చూసి ఏం నేర్చుకోను? సైకిళ్ళకి దారివ్వడమా?"

పనివాళ్ళలో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. కవరు గారు బింకంగా అన్నాడు: "నీకు తెలీదు. మా ఆఫీసుకి వచ్చేవాళ్ళంతా ఇలాగే అంటారు, ఎప్పుడూ గీకలేదండీ, ఇదే మొదటిసారి అని."

"నేను గీకిన కారు ఒక్కటి చెప్పండి."

"ఇంకా గీకలేదు."

ఆ "ఇంకా" అన్న మాట నోటినుంచి జారాక, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ కెటిల్లోనూ నీళ్ళు లేవు. ఆవిడ గొంతు పెంచలేదు. దానికే ఆయనకి భయం వేసింది.

"రోజూ పాలుతాగే పసివాళ్ళ చేతులు నా చేతికిస్తారండీ. వెంట్రుకంత నరం. వాళ్ళు కాళ్ళు తన్నుకుంటూ ఉంటే వెతికి సూది పెడతాను. ఏ తల్లీ నన్ను చూసి, ఇక్కడ ఈవిడ పొడిచేస్తుందేమో అని బిడ్డకి ముందుగా టేపు అంటించి తీసుకురాలేదు. మీకు మాత్రం ఈ రేకు నా చేతిలో పెట్టడానికి చెయ్యి రావడం లేదు."

తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చి, తన పేర అంటించిన టేపు ముక్కని గోటితో పీకి కొడుకు చేతిలో పెట్టింది. తర్వాత షాపాయన వైపు తిరిగింది.

"నాయనా, ఈ పొర ఎన్నాళ్ళుంటుంది?"

"ఏళ్ళ తరబడి ఉంటుందమ్మా. కారు అమ్మేసేటప్పుడు తీసేస్తే లోపల రంగు ఇవాళ్టిలాగే ఉంటుంది."

"అప్పుడు ఆ రంగు చూసుకునేదెవరు?"

"కొనుక్కున్నవాళ్ళమ్మా."

"అయితే డబ్బు వీడిది, భయం వీడిది, రంగు మాత్రం ఎవడో దారినపోయేవాడిదా? మంచి పుణ్యకార్యమే. పరలోకంలో రాసుకుంటారు, వేయించు నాన్నా."

ఇంతలో తెల్లకారు పని పూర్తయి బయటికొచ్చింది. షాపాయన ఊపిరి పీల్చుకుని, "ఎంత వేయాలో తర్వాత చూద్దాం, ముందు బండిని వెనక్కి తోలి లోపల పెట్టండి సార్" అన్నాడు. 

ఆ చోటు సందులా ఉంది. రెండు పక్కలా పొడుగు కాళ్ళ మీద గాజు దీపాలు. కవరు గారు కొలిచినట్టు చూశాడు.

"మీ వాళ్ళనే పెట్టమనండి."

"మేం ముట్టుకోం సార్. ఏ గీతైనా పడితే రేపు మీరే మమ్మల్ని అడుగుతారు. ఓనర్లే పెట్టాలి, ఇక్కడ పద్ధతి అది."

పద్ధతి ఆయనకి నచ్చింది. తను పెట్టినా అదే పెట్టేవాడు. నచ్చినంత మాత్రాన సందు వెడల్పు కాలేదు. ఆయన ఒకసారి కారు చుట్టూ తిరిగాడు, ఒకసారి దీపాల మధ్య చేతులు చాపి నిలబడ్డాడు, ఒకసారి ఆకాశం వైపు చూశాడు. ఆఖరికి, "కొంచెం ఇరుకుగానే ఉంది" అన్నాడు, ఎవరితో అంటున్నదీ తెలియకుండా.

భార్య చెయ్యి చాపింది.

తాళంచెవి ఆయన జేబులో తోలు సంచిలో ఉంది. సంచిలో చిన్న డబ్బా, డబ్బాలో దూది, దూదిలో తాళంచెవి. అవన్నీ విప్పడానికి పట్టినంతసేపు ఆవిడ చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. అది అందుకుని, ఆయన అక్కర్లేదన్న తలుపే తీసి కూర్చుంది. అద్దాలు సరిచేసుకుంది. కారు ఏ తొందరా లేకుండా వెనక్కి వెళ్ళింది, ఒక్కచోట ఆగింది, కాస్త ముందుకొచ్చి తిన్నబడింది, మళ్ళీ వెనక్కి జారి దీపాల మధ్య సరిగ్గా నడుమన నిలిచింది. 

కవరు గారు మూసుకున్న కళ్ళు తెరిచి, పరుగున వెళ్ళి రెండు పక్కలా వంగి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. సంతోషించవలసిన మనిషి. కానీ లోపల ఒక మూల చిన్న నిరాశ కదిలింది. కలిగిన వెంటనే దానికి ఆయన సిగ్గుపడ్డాడు. ఏ గీత కోసం వెతుకుతున్నాను నేను, దేవుడా, అనుకున్నాడు. ఏమీ పడకూడదని పొద్దున్న నీకే కదా దండం పెట్టాను?

దీపాల వెలుగులో కారు ఒళ్ళంతా నీలం ముక్కలు కనపడుతున్నాయి. ఇలాంటి ఫోటోలు రోజూ ఆయన బల్ల మీదికి వస్తాయి. దెబ్బ ఉన్నచోట బాణం గుర్తు, కింద కారకుల వివరం. ఇక్కడ దెబ్బ లేదు, కారకుల వివరం మాత్రం నిండుగా ఉంది.

"చెప్పండి సార్, ఎంత వేయమంటారు?" అన్నాడు షాపాయన.

కవరు గారు వంగి టేపు పీకడం మొదలుపెట్టాడు. పిల్లి ముక్క, సైకిలు ముక్క, చక్రాల వంపులు, ఆ పొడుగాటి పక్క. చివరికి వెనక బంపరు దగ్గరికొచ్చాడు. ఒక మూలది పీకాడు. రెండో మూలది గోటితో సగం లేపి, ఆగి, వేలితో మళ్ళీ నొక్కేశాడు. తలెత్తితే భార్య చూస్తోంది.

"అది ఉండనివ్వండి. అన్నీ ఒక్క రోజులో ఎక్కడ పోతాయి?" అంది. క్షమించిందో, వెక్కిరించిందో ఆయనకి అంతుపట్టలేదు.

"ముందు భాగం వేసి రేపు సాయంత్రానికి ఇచ్చేయండి. ఈ మూల కూడా" అన్నాడు.

"బంపరుకి ఒక్క మూల మేం ఎప్పుడూ వేయలేదు సార్. చూసేవాళ్ళు నవ్వుతారు."

"వెయ్యి నాయనా" అంది తల్లి. "వాడికి నిద్ర పట్టాలంటే ఆ మాత్రం ఉండాలి."

సోమవారం తెల్లవారకముందే కారు వాకిట్లోంచి కదిలింది. కవరు గారు గేటు పట్టుకుని, "నెమ్మది, నెమ్మది, మలుపు" అంటూ, అది మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా ఖాళీ రోడ్డుకి దారి చెబుతూనే ఉన్నాడు. లోపలికొచ్చి ఫోను పక్కన కూర్చున్నాడు. అది మోగగానే ఎత్తాడు.

"చేరానండీ."

"కారో?"

"అది కూడా వచ్చిందండీ. అది రాకుండా నేనెలా వస్తాను?"

వెనకనుంచి తల్లి కర్రతో నేల మీద కొట్టింది. "అమ్మాయెలా ఉందో అడగరా, మొద్దూ."

"అమ్మ అడుగుతోంది, ఎలా ఉన్నావని."

"అత్తయ్యగారికి బాగున్నానని చెప్పండి" అంది భార్య. "మీరడిగితే మీకూ చెప్తాను."

క్లెయిము కాగితాల్లో ఎక్కడా లేని ప్రశ్న అది. కవరు గారు గొంతు సవరించుకుని, అడిగాడు.