ఐదో సంతకం

ఆదివారం యూనియన్ మీటింగంటే అలివేలుకు ఉప్మా, చట్నీ, రెండు విడతల కాఫీ. బెంగళూరు పక్క హెబ్బగోడిలో వాళ్ల అద్దె ఇంటి ముందుగదిలో నలుగురు మగవాళ్లు చాపలేసుకుని కూర్చుంటే, తను లోపల రవ్వ వేయిస్తూ వింటుంది. భర్త ఓంకార్ యూనియన్ కార్యదర్శి. ఇద్దరిదీ ఒకే గార్మెంట్ ఫ్యాక్టరీ; అతను కటింగులో, ఆమె కుట్టు లైనులో. ఆడా మగా సమానమని అతను గేటు దగ్గర మాట్లాడితే ఎవరికైనా ఒళ్లు పులకరించాల్సిందే. అప్పుడు వేసుకున్న చొక్కా ఇస్త్రీ చేసిందెవరన్నది మాత్రం ఉపన్యాసంలో రాదు.

ఫ్యాక్టరీలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఐదుగురి కమిటీలో మాత్రం అలివేలు ఒక్కతే. ఆడమనిషి పేరు లేకపోతే బాగుండదని ఓంకారే చేర్పించాడు. ప్రతి మీటింగుకూ ఆమె హాజరైనట్టే లెక్క. వంటింట్లో ఉన్నా వచ్చినట్టే కదా.

కుట్టు లైనులో బాత్రూముకు వెళ్లాలంటే సూపర్‌వైజర్ దగ్గర టోకెన్ తీసుకోవాలి. లైనంతటికీ ఒకటే టోకెన్. వెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా మిగిలినవాళ్లు బిగబట్టుకుని కుట్టాల్సిందే. కటింగులో మగవాళ్లకు ఆ గొడవ లేదు. అలివేలు పనిలో నీళ్లు తాగడమే మానేసి, మూత్రంలో మంట, జ్వరం తెచ్చుకుంది. అదైనా ఓర్చుకునేదేమో. మొన్న పక్క మిషను కావ్యకు నెలసరి వచ్చింది. రెండుసార్లు అడిగితే టోకెన్ లేదన్నాడు సూపర్‌వైజర్. బట్టలు తడిసి, లేచి నిలబడలేక, షిఫ్టు అయ్యేదాకా స్టూలు మీదే ఉండిపోయింది ఆ పిల్ల. ఆ మొహం అలివేలు కళ్లముందు నుంచి పోవడం లేదు.

ప్లేట్లు అందిస్తూ ఆ సంగతి చెప్పి, మంగళవారం మేనేజరుతో జరిగే జీతాల చర్చల్లో టోకెన్ తీసేయాలని కూడా అడగమంది. ప్రెసిడెంటు చిక్కమునియప్ప ఉప్మా వైపు చూస్తూ తల ఊపాడు. ఓంకార్ నవ్వాడు.

"బాత్రూము మాట మేనేజర్ ముందర ఎట్ల ఎత్తేది? మానం పోతాది. ముందు జీతం తేలనీ. నువ్వు వచ్చి కనపడితే చాలు."

మంగళవారం మేనేజర్ గదిలో చర్చలు జరిగాయి. జీతం పెంపు కుదిరింది. ఇంకేమైనా ఉందా అని మేనేజర్ అడిగితే ఏమీ లేదని ఓంకారే చెప్పేశాడు. ఒప్పందం కాగితం నాలుగు సంతకాలతో అలివేలు ముందుకొచ్చింది. ఐదుగురూ పెడితేనే ఒప్పందం చెల్లుతుందని యూనియన్ నియమం. ఒకరికి తెలియకుండా ఒకరు యాజమాన్యంతో కుదుర్చుకుంటారేమోనన్న అనుమానంతో ఆ మగవాళ్లే పెట్టుకున్న నియమం అది. ఐదో మనిషి కాదంటే ఏమవుతుందో ఎవరికీ తట్టలేదు.

"టోకెన్ తీసేస్తామని కూడా రాయండి సార్. అప్పుడు పెడతాను," అంది అలివేలు.

పెరిగిన జీతం చేజారితే లైనులో ఆడవాళ్లే తనను దుమ్మెత్తిపోస్తారని ఆమెకు తెలుసు. భయంగానే ఉంది. అయినా పెన్ను ముట్టుకోలేదు. చిక్కమునియప్ప ఫ్యాను వైపు చూడసాగాడు. ఓంకార్ మొహం నల్లబడింది. ఆమె వైపు వంగి, పళ్లు బిగించి గొణిగాడు.

"ముందు సంతకం పెట్టు. మిగతాది ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో అయితే నేను వంటింట్లో ఉంటాను," అంది అలివేలు, గదిలో అందరికీ వినపడేలా. "ఈడ నాకూ ఒక కుర్చీ ఉండాది. ఈడనే మాట్లాడదాం."