అందరికీ ఆగిన తలుపు

లిఫ్టులకి కంట్రోల్ బోర్డులు తయారుచేసే ఆ కంపెనీలో ఆయన్ని అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలా మనిషి దాకా అందరికీ ఆయన శుభంగారే. ఆ బిరుదు ఆయన రాసిన స్క్రిప్టు తెచ్చిపెట్టింది.

అంతకుముందు అక్కడ లిఫ్టు ప్రోగ్రాం తయారుచెయ్యాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. సి భాషలో రాసిన ఫైళ్ళు బోలెడు. ఒక్కోదానికి ఒక్కో కమాండ్ టైపు చేసి కంపైలర్‌కి అప్పగించాలి. అది ఫైలుని యంత్రానికి అర్థమయ్యే ముక్కగా మార్చి పక్కన పెడుతుంది. చివరికి లింకర్‌ని పిలిచి ముక్కలన్నిటినీ కలిపి కుట్టించాలి. మధ్యలో ఒక్క అక్షరం తప్పు కొడితే మళ్ళీ మొదటికే. ఈ చాకిరీ చూసి ఒళ్ళు మండిన శుభంగారు పైథాన్ అనే మరో కంప్యూటర్ భాషలో ఒక స్క్రిప్టు రాసి పారేశాడు. ఒక్క మీట నొక్కితే అది ఫైళ్ళని వరసగా కంపైలర్ నోట్లో పెట్టి, వచ్చిన ముక్కల్ని లింకర్‌కిచ్చి, ఆఖర్న పాత సినిమాల్లోలాగా తెరమీద పెద్ద అక్షరాలతో "శుభం" అని వేస్తుంది.

అయితే కంపైలర్‌కి సణిగే అలవాటుంది. ఇది ఇక్కడ వాడలేదు, అది అక్కడ కలవలేదు అని పేజీలకు పేజీలు గొణుగుతుంది. మేనేజరు ముందు ప్రదర్శించే రోజున ఆ గోలంతా తెరమీద పడితే ఏం అందంగా ఉంటుందని శుభంగారు దాని నోరు కట్టేశాడు. పని అయిందా లేదా అని దాన్ని అడిగే ఏర్పాటు కూడా పెట్టలేదు. కాక ఎక్కడికి పోతుందన్నది ఆయన ధీమా. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌లోదీ ఆ కంపెనీ లిఫ్టే. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి అత్తగారు వాళ్ళింట్లోనే ఉంటోంది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. సాయంత్రం కిందికి దిగి, గేటు పక్క బెంచీ మీద తన ఈడువాళ్ళతో చేరి, లోకాన్ని కడిగి ఆరేస్తే గానీ ఆవిడకి పొద్దు గడవదు. ఆ లిఫ్టు తలుపేమో దేనికైనా తగిలితే తప్ప వెనక్కి పోని రకం. ఆవిడ సగం దాటేసరికి వాకర్‌ని ఢీకొట్టేది. ఈ సంగతి అల్లుడికి చెప్పింది. ఇన్నాళ్ళకి తన చదువు ఇంట్లోవాళ్ళకి అక్కరకొచ్చిందని శుభంగారు ఉప్పొంగిపోయాడు. తలుపు ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ ఫైలు మార్చాడు, మీట నొక్కాడు, శుభం పడింది. కొత్త ప్రోగ్రాంని అందరికంటే ముందు సొంత బిల్డింగ్‌లోనే ఎక్కించాడు. లిఫ్టు లోపలి బుల్లితెర మీద కొత్త వెర్షన్ నంబరు కూడా మెరిసింది.

బిల్డింగంతా మెచ్చుకుంది. అసోసియేషన్ సెక్రటరీ నోటీసు బోర్డులో కృతజ్ఞతలు అంటించాడు. రోజూ కుక్కని తిప్పే పెద్దమనిషి, ఇన్నాళ్ళకి కుక్క తోకకి భయం తీరిందన్నాడు. శుభంగారు కూడా ఎక్కి చూశాడు. తలుపు ఎంతో తీరిగ్గా, మర్యాదగా ఆగినట్టే ఉంది.

ఆగట్లేదన్నది అత్తగారు ఒక్కతే. ఆవిడ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. గడియారం వంక చూడకుండానే నిమిషం అయిందని చెప్పి పిల్లల చేతులు ఆపించేది. మునుపెంతసేపు ఆగేదో ఇప్పుడూ అంతే, రవ్వంత కూడా పెరగలేదని తేల్చేసింది. అల్లుడు నవ్వి వెర్షన్ నంబరు చూపించాడు. నన్ను గుద్దేది తలుపు, నంబరు కాదు అని ఆవిడ జవాబిచ్చింది.

అల్లుడి మంచితనాన్ని తల్లి పదిమందిలో తీసిపారేస్తోందని కూతురికి మొదట కోపం వచ్చింది, తర్వాత దిగులు పట్టుకుంది. బిల్డింగంతా ఒక మాట, ఈవిడదొక మాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడం వేరు, కాళ్ళు లెక్కపెట్టడమే రాకపోవడం వేరు. అమ్మ మొన్న స్టవ్ కట్టెయ్యడం మర్చిపోయింది, చెప్పిన కథే మళ్ళీ చెప్పింది అంటూ ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంది. అవి తనూ చేస్తుంటుందని మాత్రం గుర్తు రాలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి ఆవిడని డాక్టరుకి చూపించారు. డాక్టరు ఇది ఏ నెలని అడిగాడు, గడియారం బొమ్మ గియ్యమన్నాడు, చివరికి వయసు కదా అని ఏదో మాత్ర రాసిచ్చాడు.

ఆ తర్వాత ఆవిడ తలుపు ఊసెత్తలేదు. ఒకరోజు తనే, అందరికీ ఆగే తలుపు నా ఒక్కదానికి ఎందుకు ఆగదు, నా బుర్రే పాడైనట్టుంది అంది. కిందికి దిగడం మానేసింది. బెంచీ మీది స్నేహితురాళ్ళు కబురుపెడితే ఒంట్లో బాగాలేదని చెప్పించింది. అమ్మ దారికొచ్చిందని కూతురు ఊపిరి పీల్చుకుంది.

ఇంతలో ఆఫీసులో శుభంగారికి కొత్త కంప్యూటర్ ఇచ్చారు. అందులో స్క్రిప్టు నడిపాడు. ఎప్పట్లాగే శుభం పడింది గానీ, తయారవ్వాల్సిన ప్రోగ్రాం మాత్రం ఎక్కడా లేదు. ఆశ్చర్యపోయి, కంపైలర్ నోటి కట్టు విప్పాడు. తలుపు ఫైల్లో తను మార్చిన వాక్యం చివర సెమీకోలన్ లేదట, అందుకని అది ఆ ఫైలుని ముట్టనే లేదట. పాత కంప్యూటర్‌లోనూ ఇదే జరిగింది. కాకపోతే అక్కడ అంతకుముందెప్పుడో చేసిన పాత తలుపు ముక్క పడి ఉండటంతో, లింకర్ దాన్నే తీసి కుట్టేసింది. వెర్షన్ నంబరు వేరే ఫైల్లోది కాబట్టి అదొక్కటి చక్కగా మారింది. తలుపు ఒక్క క్షణం కూడా అదనంగా ఆగలేదు.

ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. శుభంగారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేశాడు. మేనేజరు నిదానంగా విని, లేని మార్పు చూసి సంతోషించినవాళ్ళకి అది లేదని చెప్పి ఏడిపించడం దేనికన్నాడు. సరిచేసింది గప్‌చుప్‌గా ఎక్కించేసి ఊరుకోమన్నాడు.

సరిచెయ్యడానికి శుభంగారు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే వచ్చి బిల్డింగ్ లిఫ్టులో అసలైన కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు, ఈసారి గడియారం పెట్టి మరీ చూసుకున్నాడు. ఊరుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. పైకి వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యా, మీరు చెప్పిందే నిజం. ఇన్నాళ్ళూ తలుపు ఆగలేదు. తప్పు నాది."

ఆవిడ అల్లుడి చెయ్యి తట్టింది.

"ఆ రోజు నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరు మీ ఇద్దరితో అన్న మాటలు నాకు వినబడ్డాయి బాబూ. ఆవిడ ఏమన్నా ఎదురు చెప్పకండి, ఆవిడన్నదే నిజమని ఒప్పేసుకోండి, మనసు కుదుటపడుతుంది అన్నాడు. మీది మంచి మనసు."

శుభంగారు ఒట్టేశాడు. సెమీకోలన్ గురించి చెప్పాడు, పాత ముక్క గురించి చెప్పాడు, లింకర్ చేసిన నిర్వాకం చెప్పాడు. వివరించేకొద్దీ అదంతా తనకే కట్టుకథలా వినబడింది. ఆవిడ మాత్రం పసిపిల్లాడి మాటలు విన్నట్టు ఓపిగ్గా తలూపుతూ కూర్చుంది. ఇక లాభం లేదని, రండి చూద్దురుగాని అంటూ ఆవిడ్ని నెమ్మదిగా లిఫ్టు దాకా నడిపించాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ వాకర్ జరిపి, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేసి లోపలికి చేరింది. తలుపు కదల్లేదు. ఏ పూటైతే అది ఆవిడ వాకర్‌ని ఢీకొడితే బాగుండునో ఆ పూటే అది నిలబడిపోయింది. రుజువుని తన చేత్తోనే చెరిపేశానని శుభంగారికి అప్పుడు తట్టింది.

"అవును బాబూ, ఆగుతోంది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మొదట్నుంచీ మీరంతా చెప్పింది ఇదే కదా. నేనే ఊరికే మిమ్మల్ని సతాయించాను."

తర్వాత, డాక్టరు రాసిచ్చిన మాత్ర ఇవాళ ఇంకా వేసుకోలేదని, ఇంట్లోకి తీసుకెళ్ళమని అడిగింది.