మేజర్ విరగ్గొట్టిన చెయ్యి

మేజర్ శాంతికుమార్ చనిపోయిన పదకొండో రోజున మణుగూరు కాలనీ చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేసినాయన కొడుకు ఫౌజులో మేజర్ అయ్యాడని ఆ కాలనీలో ఇంటింటా గొప్పగా చెప్పుకునేవాళ్లు. రిటైరై వచ్చాక ఆయన పినపాక దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. చుట్టుపక్కల గూడేల యువకులను పొద్దున్నే పోగుచేసి అడవి దారిలో పరుగెత్తించేవాడు. ఆయన చేతి కింద తయారై ముప్పైమందికి పైగా యూనిఫారం వేసుకున్నారు. గుండెపోటు వచ్చింది, దవాఖానాకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది.

కూడికకు కారేపల్లి నుంచి సాంబమూర్తి వచ్చాడు. ఇరవై రెండేళ్ల కిందట మేజర్ నడిపిన ఫౌజు కంపెనీలో సిపాయి. ఇప్పుడు రెండెకరాల పత్తి చేను చేసుకుంటున్నాడు. అతని వెంట ఉప్పలమ్మ కూడా వచ్చింది. ఆమె పెద్దకొడుకు తిరుమల, సాంబమూర్తి ఒకే రోజు భర్తీ అయినవాళ్లు. ఆ కంపెనీలో ఉండగానే తిరుమల చచ్చిపోయాడు. ఏటా ఆ తేదీకి మేజర్ కారేపల్లి వెళ్లి ఉప్పలమ్మ గడపలో కాసేపు కూర్చుని వచ్చేవాడు. సాంబమూర్తి మాత్రం ఆ రోజు చీకటి పడేదాకా చేనులోంచి కదిలేవాడు కాదు.

ఈ కూడికకు కూడా అతను రాకపోయేవాడే. మేజర్ బిడ్డ అక్సా ఫోన్ చేసి ఒక మాట అన్నది. "నాన్న పోయే ముందురోజు గూడ అడిగిండు అంకుల్, సాంబమూర్తి చెయ్యి ఎట్లున్నదో అని." ఆ మాట వినే అతను బయల్దేరాడు.

పాటలు అయ్యాయి. పాస్టర్ మార్కు మైకు పట్టుకున్నాడు. "సరిహద్దు పోరాటంలో తూటా తగిలి చెయ్యి పోగొట్టుకున్న సాంబమూర్తిగారు మన మధ్య ఉన్నరు. సార్ గురించి ఆయన నోటనే విందాం."

సాంబమూర్తి లేచాడు. అతని కుడి మణికట్టు వంకర తిరిగి ఉంటుంది, వేళ్లు ముడుచుకోవు. ఆ చేతిని చూసే ప్రతి ఆగస్టులో బడివాళ్లు పిలిచి జెండా ఎగరేయించేవాళ్లు. తూటా అని అతను ఎన్నడూ చెప్పలేదు. ఊరు అనుకుంది, అతను కాదనలేదు. నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుందామనే వచ్చాడు. ముందు వరుసలో మేజర్ భార్య ఆరోగ్యమ్మ తెల్లచీరలో కూర్చుని అతని చేతినే చూస్తోంది. అనుకున్న మాటలు వదిలేసి అతను ఆ చేతిని పైకెత్తాడు.

"ఈ చెయ్యి తూటాకు పోలే," అన్నాడు. "సారే విరగ్గొట్టిండు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు.

తూర్పు సరిహద్దు కొండలవి. వానాకాలం. పన్నెండుమంది దారి చూసుకుంటూ పోతున్నారు. వాగు మీద దుంగల వంతెన ఉంది. అవతలి ఒడ్డున ఒకడు కూరకు కోసుకొచ్చిన వెదురు కొమ్ముల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. వీళ్లను చూసి తలగుడ్డ తీశాడు, రెండు చేతులా పిండాడు, మళ్లీ చుట్టుకున్నాడు. ముందు నడుస్తున్న నాయక్ హోదా జవాను వంతెన మీద అడుగు పెట్టగానే వంతెన పేలింది. నాయక్ ఒక కాలు వచ్చి సాంబమూర్తి ముందర పడింది, బూటుతో సహా. ఆ వెంటనే కొండ మీద రెండు వైపుల నుంచీ మాటువేసినవాళ్ల కాల్పులు. పక్కనే ఉన్న తిరుమల కడుపు పట్టుకుని కూలబడ్డాడు. మేజర్ తొడలోంచి తూటా దూసుకుపోయింది. ఆయన రుమాలుతో తొడ బిగించుకుని, ఇద్దరిని వెంటబెట్టుకుని, బురదలో పాకుతూ కొండ వెనక నుంచి ఎక్కాడు.

పైన ఏం జరిగిందో సాంబమూర్తి సగమే చూశాడు. రెండు గ్రెనేడ్లు పేలాయి. ఒకడు కేకపెడుతూ బండల మీదుగా దొర్లి వాగులో పడ్డాడు. ఇంకొకడు కత్తితో మేజర్ మీదికి దూకాడు. ఇద్దరూ కలబడి రాళ్ల మీద పొర్లారు. చివరికి మేజర్ వాడి తలను బండకేసి కొట్టాడు. వాడు కదలడం ఆగేదాకా కొట్టాడు. కిందికి దిగి వచ్చేసరికి ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. అప్పటికి తిరుమల చచ్చిపోయి ఉన్నాడు.

వాగు దాటి వెతికితే బుట్టవాడు పొదలో దొరికాడు. చీలమండ విరిగి పారిపోలేకపోయాడు. బుట్ట తిరగేస్తే వెదురు కొమ్ముల కింద వైర్‌లెస్ సెట్టు బయటపడింది. సాంబమూర్తి తుపాకి తిరగేసి పట్టుకుని దాని మడమతో కొట్టాడు. మొదటి దెబ్బకు పళ్లు రాలాయి. రెండో దెబ్బకు ఒక కన్ను చితికింది. వాడు చేతులు జోడించాడు. జోడించిన చేతుల మీదే కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపలేదు. ఒకరిద్దరు కొట్టమనే అన్నారు.

"చాలు సాంబమూర్తీ," అన్నాడు మేజర్. "వాని చేతుల తుపాకి లేదు."

అతను ఆగలేదు. మేజర్ మరో రెండుసార్లు అన్నాడు. ఈసారి నెత్తి పగలగొట్టాలని సాంబమూర్తి తుపాకిని తల మీదికి ఎత్తాడు. మేజర్ తన నడుముకున్న చిన్న పార తీసి, కుంటుకుంటూ వచ్చి, దాని అంచుతో అతని మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. తుపాకి జారింది. కింద పడ్డ సాంబమూర్తి ఎడమచేత్తో దాన్ని అందుకోబోతే మేజర్ బూటుకాలితో అతని ఛాతీ మీద తన్నాడు. తర్వాత బుట్టవాడికి అడ్డంగా నిలబడి, పిస్తోలు తీసి, తన మనుషుల వైపే గురిపెట్టాడు. వీడి మీద ఇంకొకడు చెయ్యేస్తే కాలుస్తానన్నాడు. తొడ నుంచి రక్తం బూటులోకి కారుతోంది.

"ఒక స్ట్రెచర్ మీద తిరుమలను మోసినం, ఇంకొకదాని మీద వాన్ని మోసినం," అన్నాడు సాంబమూర్తి. "విరిగిన చేత్తో నేను నడిచే దిగిన. ఫౌజు దవాఖానాల నన్ను చూడనీకి వస్తే సార్ మూతి మీద ఉమ్మిన. తుడుసుకుని పోయిండు. లడాయిల కింద పడి నా చెయ్యి విరిగిందని రాసిండు. నిజం రాస్తే నేను జైలుకు పోయేటోన్ని. గా పెన్షనే ఇప్పటిదాంక తింటున్న. ఇంటికొచ్చినంక పదిహేనేండ్లు ఆయన్ను తిట్టుకుంటనే ఉన్న. తర్వాత తిట్టుడు బంజేసిన. గాని ఆయనకు ఎదురు పోలేకపోయిన."

వెనక వరుసలోంచి ఉప్పలమ్మ లేచింది. "గా బుట్టోడే సైగ చేసిండా?"

"అవ్ అమ్మా. తర్వాత వాడే ఒప్పుకున్నడు."

"బతికిండా వాడు?"

సాంబమూర్తి తల దించుకున్నాడు. "బతికిండు. ఏడేండ్లు జైల్ల ఉండి బయటికొచ్చిండట."

ఆమె బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. సాంబమూర్తి చెంప మీద కొట్టింది. అతను నిలబడే ఉన్నాడు. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. తర్వాత ఆమె బల్ల మీదున్న మేజర్ ఫోటో వైపు తిరిగింది.

"ఏటేటా వచ్చి నా గడపల కూసున్నవ్. నా చేతి ఛాయ్ తాగినవ్. నా కొడుకును తిన్నోన్ని కాపాడి వచ్చి, నాకు దండం పెట్టి పోయినవ్."

రెండు చేతులా ఫోటోను తోసేసింది. అద్దం పగిలి నేలంతా చెదిరింది. ఆ పెంకుల్లోనే చెయ్యి పెట్టి ఫోటోను చించబోయింది. అరచెయ్యి తెగింది. ఇద్దరు మగవాళ్లు ఆమెను పట్టుకోవడానికి లేచారు.

"ఆమె జోలికి పోకుర్రి," అన్నది ఆరోగ్యమ్మ. కిందికి వంగి ఉప్పలమ్మ చెయ్యి అందుకుని, పెంకు లాగేసి, తన కొంగు చుట్టింది. "నీకు చెప్పాల్నని ఏటా ఇంట్ల నుంచి బయల్దేరేటోడమ్మా. నిన్ను చూసినంక నోరు రాలేదని వచ్చి పండుకునేటోడు. రెండు దినాలు ఎవ్వరితోటి మాట్లాడకపోయేది."

ఉప్పలమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కట్టు బిగించేదాకా నిలబడి, బయటికి నడిచింది. భోజనం చేయలేదు.

కొత్తగూడెం బస్సులో సాంబమూర్తి ఆమెకు దూరంగా కూర్చోబోయాడు. ఆమె పక్క సీటు చూపించింది. బస్సు అడవిలో పడ్డాక అడిగింది.

"నా కొడుకు ఎంతసేపు బతికిండు?"

"అర్ధగంట."

"నొప్పి తెల్వకుండ పోయిండని చెప్పిరి గద."

"అబద్ధమమ్మా. మస్తు గోసపడ్డడు. పేగులు బయటికొచ్చినయ్. నా రెండు చేతులతోటి లోపలికి ఒత్తి పట్టుకున్న. నిన్ను పిలిచిండు."

"ఏమని?"

"ఉప్పలమ్మా అని. పేరు పెట్టి."

ఆమె కిటికీ కడ్డీని కట్టున్న చేత్తోనే పట్టుకుంది. కొంగుగుడ్డ మీద ఎరుపు పాకింది. "అలిగినప్పుడు గట్లనే పిలిచేటోడు," అన్నది. "ఇంకేమన్నడు?"

"నీళ్లడిగిండు. కడుపుల గాయమైతే నీళ్లు పొయ్యొద్దని మాకు నేర్పిండ్రు. నేను పొయ్యలే. మొత్తుకున్నా పొయ్యలే. సార్ కొండెక్కే ముందు పాక్కుంట వచ్చి చూసిండు. ఎట్లైనా దక్కడు, నీళ్లు పొయ్యి, ఇంక అడ్డం చెప్పకు అన్నడు. తన సీసా ఇచ్చిండు. వాడు సగం తాగిండు. తర్వాత నీ పేరు ఒక్కసారి అన్నడు, అంతే."

బస్సు మలుపులు తిరుగుతోంది. ఉప్పలమ్మ ఏడవలేదు.

"నీ సారు మీద నా కోపం పోలే," అన్నది.

"పోవాల్నని నేనంటలేనమ్మా."

"నీ మీద గూడ పోలే."

"అవ్."

"ఐతారం ఇంటికి రా. గా నీళ్ల ముచ్చట మా చిన్నకొడుకు శ్రీశైలానికి గూడ చెప్పు. నేను చెప్పలేను."