‘క్లియర్’ అన్న మాట

ఉదయం ఆరింటికి డ్యూటీ. ఇల్లున్న ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ముప్పావుగంట డ్రైవ్. కూతురు మేధ లంచ్ డబ్బా సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్లాస్క్‌లో టీ పోసుకుని, కారు అద్దం మీది మంచు గీకి రాగిణి బయల్దేరేది. చలికాలం ఐదు నెలలూ ఆవిడ పని విమానాలకి తలంటు పోయించడమని భర్త హర్షవర్ధన్ వేళాకోళం చేసేవాడు.

అందులో అబద్ధమేమీ లేదు. రెక్కల మీద పలచటి మంచు పొర ఉన్నా విమానం సరిగ్గా పైకి లేవదు. అందుకని రన్‌వేకి వెళ్లేముందు ఒక్కో విమానాన్నీ ప్యాడ్ అనే విశాలమైన చదును మీద ఆపుతారు. చెరోవైపునా ఒక ట్రక్కు చేరుతుంది. కింద డ్రైవరు, పైకి లేచే తొట్టిలో గొట్టం పట్టుకున్న మనిషి. ముందు వేడివేడి నారింజరంగు ద్రవం కొట్టి మంచు కరిగిస్తారు. తరవాత కొత్త మంచు పట్టకుండా చిక్కటి ఆకుపచ్చ ద్రవం పూస్తారు. అద్దాల గదిలో కూర్చుని ఇదంతా రేడియోలో నడిపించేది రాగిణి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా రేడియోలో పేరు ‘ఐస్‌మ్యాన్’.

ట్రక్కులూ మనుషులూ ప్యాడ్ చుట్టూ గీసిన ఎర్రగీత దాటి బయటికి వెళ్లాక ఐస్‌మ్యాన్ పైలట్‌కి ‘క్లియర్’ అని చెప్పాలి. ఆ మాట వినపడేదాకా విమానం కదలకూడదు.

రాగిణి నోటినుంచి ఆ మాట నిజమైతేనే వచ్చేది. చేరిన కొత్తల్లో ఓ రోజు, డ్రైవరు మాట నమ్మి, ట్రక్కు ఇంకా రెక్క కిందే ఉండగా ‘క్లియర్’ అనేసింది. మూడడుగుల తేడాలో ప్రమాదం తప్పింది. ఆ మర్నాటినుంచి గీత లోపల ఏమైనా మిగిలి ఉంటే ఆ ఒక్క మాటా గొంతులో పుట్టేది కాదు. మిగతా మాటలన్నీ మామూలే. డాక్టరమ్మ లైట్ వేసి చూసి, గొంతు శుభ్రంగా ఉందని చెప్పి, వచ్చేవారం తన ఫ్లైట్ టైమ్‌కి డ్యూటీలో ఉండేది ఎవరని అడిగింది. ప్యాడ్ వాళ్లు కూడా దాన్నో వింతగా చూడలేదు. గాలి వేగం, టెంపరేచర్ రాసుకునే షీట్‌లో ‘ఐస్‌మ్యాన్ గొంతు’ అని ఇంకో గడి గీసుకున్నారు. ఆ గొంతు పుణ్యాన ఒకసారి మరిచిపోయిన నిచ్చెన దొరికింది, ఇంకోసారి ట్రక్కు కింద పెట్టే చెక్కదిమ్మ.

షిఫ్ట్ మేనేజర్ దివాకర్‌కి మాత్రం ఆలస్యమంటే ఒళ్లు మంట.

“ఈ నెల మీవల్ల గంటసేపు డిలే అయింది రాగిణి గారూ. ఇట్లయితే సోమవారం నుంచి మిమ్మల్ని ఆఫీస్ పనికి మార్చేస్త.”

“మార్చండి. ఈ కుర్చీలో ఉన్నంతసేపు మాత్రం నా పద్ధతి ఇదే.”

ఆ మాటలు అనుకున్నది గురువారం. శుక్రవారం తెల్లవారేసరికి సన్నటి వాన మొదలైంది. పడ్డ చినుకు పడ్డచోటే గడ్డకడుతోంది. ప్యాడ్‌కి రావలసిన విమానాలు పద్నాలుగు. నాలుగోది టాంపా వెళ్లేది, నూట అరవైమంది ప్రయాణికులు. ఎడమవైపు ఏడో ట్రక్కు, డ్రైవర్ లమార్. తొట్టిలో జగన్మోహన్. ఓ కార్ల కంపెనీలో ఇరవై ఏళ్లు బ్రేకులు డిజైన్ చేసి, లేఆఫ్ అయ్యాక ఈ సీజన్‌లోనే ఇక్కడ చేరినాయన.

స్ప్రే అయింది. కుడివైపునున్న మూడో ట్రక్కు క్లియర్ అంది. ఏడో ట్రక్కు నుంచి లమార్ క్లియర్ అన్నాడు. కెమెరాల్లో ఏమీ లేదు. ఆ వానకి ఆకుపచ్చ ద్రవం ఇరవై నిమిషాలే కాపలా కాస్తుంది. ఆలోపు విమానం ఎగరకపోతే మళ్లీ మొదటికే. పైలట్ తొందరపడుతున్నాడు.

రాగిణి మైక్ నొక్కింది. మాట రాలేదు. గుక్కెడు టీ తాగి మళ్లీ ప్రయత్నించింది. రాలేదు.

“కదలకండి, అక్కడే ఉండండి,” అని పైలట్‌తో అంది. ఆ మాట స్పష్టంగా వచ్చింది.

దివాకర్ వెనకనుంచి వచ్చాడు. “రెండు ట్రక్కులూ చెప్పినయి కదండీ! కెమెరాలో కూడా ఏం లేదు. మైక్ ఇటివ్వండి, నేను చెప్త.”

రాగిణి రెండు చేతులతో మైక్‌ని పొదివి పట్టుకుంది. “ఇవ్వను.”

“నేను మేనేజర్ని!”

“సోమవారం మార్చేయండి. ఇవాళ ఈ విమానాన్ని వదిలే మాట నాది. ఆ మాట ఒక్కరి నోటే ఉండాలని ట్రైనింగ్‌లో చెప్పింది మీరే.”

దివాకర్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ పైలట్‌ని ఇంజన్లు ఆపమంది. ఆ పెద్ద మోత మెల్లగా తగ్గింది.

“ట్రక్కుల నంబర్లు వద్దు. పేరు పిలుస్తాను, ఎవరికి వాళ్లే పలకండి,” అంది రేడియోలో.

ముగ్గురు పలికారు. జగన్మోహన్ పలకలేదు.

“లమార్, ఆయనెక్కడ?”

“పైన తొట్టిలోనే. హెడ్‌సెట్ బ్యాటరీ అయిపోతోందన్నాడు, అందుకే పలకడం లేదు.”

“కళ్లతో చూశావా?”

లమార్ తలుపు తెరుచుకుని దిగి పైకి చూశాడు. తొట్టి ఖాళీగా ఉంది.

జగన్మోహన్ విమానం ఎడమ చక్రాల ముందు, కెమెరాకి అందని చోట పడి ఉన్నాడు. బ్రేకుల దగ్గర మంచు వేలాడుతున్నట్టు అనుమానం వచ్చి, తొట్టి కిందికి దించగానే లమార్‌కి చెప్పే దిగాడు. చెప్పాననే అనుకున్నాడు. బ్యాటరీ అప్పటికే చచ్చిపోయింది. నేలంతా పారిన ద్రవం మీద కాలు జారి మడమ విరిగింది. ఎంత అరిచినా ఇంజన్ల మోతలో ఎవరికి వినపడుతుంది? చక్రానికీ ఆయన తలకీ మధ్య బారెడు దూరం లేదు.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆయన లమార్ రేడియో అడిగి పుచ్చుకున్నాడు. “రాగిణి గారూ, జగన్మోహన్‌ని. పలుకుతున్నానండీ.”

“వినపడిందండీ,” అని రాగిణి కళ్లు తుడుచుకుంది.

విమానానికి మళ్లీ మొదటినుంచి నారింజ, తరవాత ఆకుపచ్చ. మళ్లీ పేర్లు. ఈసారి ‘క్లియర్’ తుమ్మొచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. పైలట్ థాంక్స్ చెప్పి గంట ఆలస్యంగా టాంపా వెళ్లాడు.

సోమవారం ఆవిణ్ణి ఎవరూ మార్చలేదు. బుధవారం సెలవు పెట్టి, మేధని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి బయట కూర్చుంటే ఫోన్ మోగింది. దివాకర్. ఆవిడ బదులు కుర్చీలో ఆ రోజు ఆయనే.

“రాగిణి గారూ...” మైక్ నొక్కి వదిలిన చప్పుడు వినపడింది. “వస్తలేదండీ.”

ఏ మాటో ఆవిడ అడగలేదు. “ఎవరో లోపలున్నారు. పేర్లు పిలవండి. నేను లైన్‌లోనే ఉంటాను.”

దివాకర్ ఒక్కో పేరే పిలుస్తున్నాడు. ఒక్కొక్కరే పలుకుతున్నారు. నాలుగో పేరుకి జవాబు రాలేదు. ఆయన మళ్లీ పిలిచాడు, ఇంకాస్త గట్టిగా. కాసేపటికి ఆయాసపడుతూ ఓ ఆడగొంతు వినిపించింది: “గీత లోపలే ఉన్నా. వచ్చేస్తున్నా.”

దివాకర్ ఆగాడు. రాగిణీ ఆగింది. నర్సు వచ్చి మేధ పేరు పిలిస్తే, ఒక్క నిమిషమని చెయ్యి చూపించింది. అటు ఫోన్లో దివాకర్ ఊపిరి పీల్చుకుని ఆ మాట అనేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.