తెల్లరాతి తాపడం

రష్మి మెడలోని బ్యాడ్జిని దామోదర్ అందరి ఎదుటే తీయించాడు. ఆమె చేసిన నేరం ఒక్కటే: క్లయింట్ మేనేజర్‌తో నేరుగా మాట్లాడింది.

అమెరికాలో, బెంటన్‌విల్‌లోని ఆ ఆఫీస్‌లో కాంట్రాక్టు ఉద్యోగులు క్లయింట్ ఎదుట నోరు విప్పకూడదు. ఏదైనా సరే, వాళ్లని పనిలో పెట్టిన కన్సల్టెన్సీ యజమాని దామోదరే చెప్పాలి. ఒక మ్యూజియం తెర కోసం, పిరమిడ్ కట్టిన నాటి రూపాన్ని కంప్యూటర్‌లో నిర్మించే పని అది. త్వరగా ముగించాలని దామోదర్ ఇప్పటి ఫోటోల్లోని ఇసుకరంగు మెట్లే తొలి రూపమని క్లయింట్‌ని ఒప్పించాడు.

"అది తొలి రూపం కాదు," అంది రష్మి మేనేజర్‌తో. "పైన నునుపైన తెల్ల సున్నపురాయి తాపడం ఉండేది. ఎండకి మెరిసేది. తరవాత దాన్ని ఊడదీసి కైరోలో కట్టడాలకి వాడుకున్నారు. మనకి కనబడేది లోపలి రాయి."

"కొత్తమ్మాయి, తెలియదు," అని దామోదర్ నవ్వి తోసేశాడు. మేనేజర్ అటు వెళ్లగానే బ్యాడ్జి తీయించాడు.

ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే దేశం విడవాలి. అందుకే మిగతావారు తలలు దించుకున్నారు. టీమ్‌లో సీనియర్ అయిన సుధ కూడా.

సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో సుధ అందరినీ పోగుచేసింది.

"రాయి తెల్లగుంటే మనకేందక్కా? నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌ల ఉంది," అన్నాడు జితేందర్.

"నాదీ ఉంది. ఇవాళ ఊరుకుంటే రేపు నిన్ను తీసేయడం ఇంకా తేలిక. డెమోలో తెల్లరాయే చూపిద్దాం," అంది సుధ.

"డెమోల వైట్ పెడితే ఎవరు చేసిన్రని అడుగుతడు. ఎవరి పేరు చెప్తవ్?"

"పిరమిడ్ లోపల రాళ్లమీద ఎర్రరంగుతో పేర్లున్నాయి, తెలుసా? మోసినవాళ్లవి. ఒక్కడి పేరు కాదు, ముఠా పేరు."

"అయితే మన ముఠాకు లీడర్ నువ్వే. ఫస్ట్ ఫ్లైట్ నీకే!"

"పక్క సీట్ నీకే బుక్ చేస్తాలే."

డెమో నాడు తెరమీద పిరమిడ్ తెల్లగా వెలిగింది.

"ఎవర్రా మార్చింది?" దామోదర్ పళ్లు నూరాడు.

"నేనే," అన్నాడు జితేందర్. "నేనే," అంది సుధ. వెనకనుంచి మరో గొంతు, ఇంకో గొంతు.

"మీ వీసాలు నా చేతిలో ఉన్నాయి! పాత వెర్షన్ పెట్టండి."

ఎవరూ కీబోర్డ్ ముట్టలేదు. సుధ క్లయింట్ మేనేజర్ వైపు తిరిగి, నిజమేదో, దాన్ని ఎవరు చెప్పారో, చెప్పినందుకు ఏమైందో ఇంగ్లిష్‌లో వరసగా చెప్పింది.

"సుధా, షటప్!"

"మరి మిగతా పని ఎవరు చేస్తారు?" మేనేజర్ అడిగింది.

"మేమే. రష్మి వచ్చాక," అంది సుధ.

దామోదర్ తలుపు చూపించాడు. అందరూ కలిసే బయటికి నడిచారు, వాళ్ల వెంట మేనేజర్ కూడా. తెల్లని పిరమిడ్ ముందు అతనొక్కడే మిగిలాడు. దాని రంగు మార్చడం అతనికి రాదు.