తోమిన మేకపోతు

ఎడారి దేశంలోని సల్మాబాద్ కూలీల క్యాంపులో ముత్యం పాతకాపు. పరశురాంకు వీసా ఇప్పించి తెచ్చిందీ అతనే. అయినా భూమిలో ఇనుము, రాగి ఎక్కడున్నా కూతపెట్టే మిషన్‌ను ఫోర్‌మన్ పరశురాం చేతికే ఇచ్చాడు. పైపులైను తవ్వేముందు పాత కేబుళ్లు ఉన్నాయేమో చూడాలి. పరశురాం మిషన్ ఊపుకుంటూ ముందు నడుస్తాడు, కూత వినబడ్డ చోట సున్నం చల్లుతాడు. వెనకే ముత్యం గడ్డపారతో తవ్వుతాడు.

ఆదివారం అలా తవ్విన చోట బొటనవేలంత కంచు ఎద్దు బయటపడింది. వేల ఏళ్లనాటిదట. కబురందుకున్న మ్యూజియం మేడం పరుగున వచ్చి, మిషన్ పట్టుకున్న పరశురాంను నిలబెట్టి ఫోటో తీయించింది. ఇంకేం దొరికినా తనకే ఇమ్మంది.

సాయంత్రానికి ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరింది. ముత్యం భార్య రమ ఫోన్ చేసింది.

"ఊరంత పరశురాం ముచ్చటే. నువ్వేడున్నవ్ అండ్ల?"

"తవ్వింది నేనే గదనే!"

"తవ్వినోని చెయ్యన్న పడలే గద ఫోటోల."

ముత్యానికి అన్నం సయించలేదు. ఎదుటి మంచం మీద పరశురాం ఫోన్ చూసుకుని నవ్వుతుంటే, ఆ నవ్వు తన మీదేననిపించింది.

మర్నాడు మరో సున్నపు గుర్తు దగ్గర కంచు మేకపోతు దొరికింది. పరశురాం అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయాడు. ముత్యం దాన్ని టిఫిన్ డబ్బాలో వేసుకున్నాడు. దొంగిలించాలని కాదు. చిలుము పట్టిన ఎద్దుకే అంత మర్యాద జరిగితే, తళతళలాడే మేకపోతుకు ఎంత జరగాలి! క్యాంపుకు రాగానే, పండక్కి అమ్మ ఇత్తడి దీపాలు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమాడు. కొమ్ములు బంగారంలా మెరిశాయి.

పొద్దున్నే మేడం చేతిలో పెట్టి, జుట్టు సవరించుకుని ఫోటోకు నిలబడ్డాడు. ఆమె ముఖం వాడిపోయింది.

"ఎవరు తోమారు దీన్ని?" అని హిందీలో అడిగింది. "ఆ పచ్చటి చిలుములోనే దీని కథంతా ఉంటుంది. అదే పోయింది."

ముత్యం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంటికి పంపేస్తారేమో! ఇంతలో పరశురాం ముందుకొచ్చాడు. తోమమన్నది తనేనని, తమ ఊళ్లో కంచు సామాను అలాగే తోముతారని, అన్నకేం తెలియదని వచ్చీరాని హిందీలో చెప్పాడు.

మేడం కోపం చల్లారింది. ఒప్పుకున్నందుకు పరశురాం భుజం తట్టి వెళ్లింది.

"ఎవడు చెప్పమన్నడ్రా నిన్ను?" ముత్యం కస్సుమన్నాడు.

"నిన్ను పంపిస్తరని భయమైందే అన్నా."

ముత్యం గడ్డపార ఎత్తి కసిగా నేలలో దించాడు. తప్పు తనది. దానికి దక్కిన మెప్పు కూడా వాడికే పోయింది.